రక్తానికి వచ్చిన మార్కులు

విశ్వాసానికీ నాకూ ఒకే వారంలో పక్షవాతం వచ్చింది. నాకు సోమవారం, అతనికి గురువారం. నాకు కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, అతనికీ అవే పడిపోయాయి. నా మూతి ఎంత వంకర పోయిందో అతని మూతీ అంతే పోయింది. అంతవరకూ దేవుడు సమానంగానే పంచాడు. పక్షపాతం చూపించింది ఆ తర్వాతే.

మాది తర్లుపాడుకు దగ్గర్లో ఒక పల్లె. నాకు అరవై గొర్రెలున్నాయి. విశ్వాసం పలకల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు రాయి కోశాడు. మా ఇళ్ళ మధ్య నాలుగు వీధులు. స్నేహమూ లేదు, పగా లేదు. ఎదురుపడితే అతను "అన్నా, బాగుండావా" అనేవాడు, నేను "ఆఁ" అనేవాణ్ణి. పెద్దాస్పత్రిలో పక్కపక్క మంచాలు దొరికాకే అతని మీద నా కన్ను పడింది.

ఆ వార్డులో ఫిన్నీ అని ఒక సన్నటి మనిషి తిరుగుతుండేవాడు. డాక్టరు కాదు, రక్తం తీసే ఉద్యోగం. మెదడుకు పోయే నరంలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చినవాళ్ళ రక్తంలో కణాలు చూస్తారట. ఎవరు త్వరగా కోలుకుంటారో, ఎవరు ఆలస్యంగా కోలుకుంటారో వాటినిబట్టి ముందే తెలుస్తుందా అని పరిశోధన చేస్తున్నారట. వారం నాటికి ఒకసారి, నెల నాటికి ఒకసారి, మూడు నెలల నాటికి ఒకసారి రక్తం ఇవ్వాలి. మందులూ కసరత్తూ మాత్రం అందరికీ ఒకటే. ఇద్దరం ఎడమచేతి వేలిముద్రలు వేశాం.

పదిరోజులయ్యాక ఒక మధ్యాహ్నం ఫిన్నీ మా రెండు మంచాల మధ్య నిలబడి, చేతిలో కాగితం చూస్తూ ఫోన్లో ఎవరికో చదివి చెప్పాడు.

"రంగనాయకులు, మార్కర్ ముప్పై ఎనిమిది. విశ్వాసం, మార్కర్ డెబ్బై ఒకటి."

చదవడం అయిపోగానే కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా భార్య పోలమ్మ, విశ్వాసం భార్య ఎలీషబా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మార్కులంట" అంది పోలమ్మ. "రక్తానికి గూడా మార్కులేస్తారా?"

"ఎందుకెయ్యరక్కా. షుగరుకేస్తారు, బీపీకేస్తారు. ఇదీ అంతే" అంది ఎలీషబా.

పోలమ్మ కాసేపు లెక్క వేసుకుని నా భుజం తట్టింది. "పదో తరగతిలో ముప్పై అయిదుకు పాసు. నీకు ముప్పై ఎనిమిది. గట్టెక్కినావులేయ్యా."

ఎలీషబా మొగుడి కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ చిన్నగా నవ్వింది. బొటాబొటిగా పాసైన పిల్లవాణ్ణి చూసి ఫస్టు క్లాసు పిల్లవాడి తల్లి ఎట్లా నవ్వుతుందో అట్లాంటి నవ్వు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. విశ్వాసం నాలుగుతోనే మానేశాడు. నేను బీడీ తాగను, అతను రోజుకు రెండు కట్టలు తాగేవాడు. నలభై ఏళ్ళు రాతిదుమ్ము మింగినవాడి రక్తానికి డెబ్బై ఒకటీ, కొండగాలి పీల్చుకుంటూ తిరిగిన నా రక్తానికి ముప్పై ఎనిమిదీనా? ఆ రోజు నుంచి నేను నా కాలి సంగతి మరిచిపోయి అతని కాలినే చూడటం మొదలుపెట్టాను.

మమ్మల్ని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మొదటి మూడు నెలలు చాలా విలువైనవి, రోజూ లేవాలి, నిలబడాలి, నడవాలి, పడిపోయిన చేత్తోనే శనగకాయలు ఏరాలి అంది. నాలుగు రోజులు చేశాను. అయిదో రోజు శనగకాయ వేళ్ళ సందులోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ జారింది. ముప్పై ఎనిమిది మార్కుల రక్తం ఇంతకంటే ఏం పట్టుకుంటుందిలే అనుకుని పడుకున్నాను. విత్తనమే తాలు అయితే ఎంత దున్ని ఏం లాభం.

పోలమ్మ మాత్రం ఊరుకోలేదు. వీధిలో ఎవరికో డెంగీ వచ్చి కణాలు పడిపోతే బొప్పాయాకు రసంతో లేచాయట. కణాలన్నాక ఏ కణాలైతేనేం అని రోజూ పొద్దున్నే గ్లాసుడు పచ్చటి చేదు నా నోట్లో పోసేది. డెబ్బై దాటాలన్న ఆశతో నేనూ పదిహేను రోజులు తాగాను. తర్వాత ఎవరో పావురం రక్తం పూయమన్నారు. ఆమె రెండు పావురాలు తెప్పించింది కూడా.

"విశ్వాసానికి పూసినారా?" అని అడిగాను.

"వాళ్ళు అట్లాంటివి చెయ్యరంట."

"అయితే నాకొద్దు."

ఆ పావురాలు మా పంచలోనే గూడు కట్టుకున్నాయి. అవన్నా బాగుపడ్డాయి.

గొర్రెల్ని మేపడానికి పోలమ్మ తమ్ముడు బ్రహ్మం వచ్చి ఉన్నాడు. అతనికి బేస్తవారిపేట దగ్గర సొంత సేద్యం ఉంది. ఎన్నాళ్ళని మా మంద వెనక తిరుగుతాడు? ఒకరోజు పోలమ్మ నా మంచం పక్కన కూర్చుని మెల్లగానే చెప్పింది.

"మూడు నెల్లు చూస్తానయ్యా. మూడో నెల పరీక్ష అయ్యేసరికి నువ్వు మంద ఎనక నడిచేటట్టుంటే సరి. లేకుంటే గొర్రెల్ని అమ్మేస్తా. నిన్నూ మందనూ ఇద్దర్నీ నేనొక్కదాన్నే మేపలేను."

ఆమె మాటలో తప్పు లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది. పదమూడో ఏట నుంచి నేను మంద వెనక నడిచాను. నల్లమల అంచులదాకా తోలుకుపోయి నెలల తరబడి చెట్లకింద పడుకున్నాను. గొర్రెలు లేకపోతే నేను ఎవర్నో నాకే తెలియదు. పొద్దున బ్రహ్మం వాటిని తోలుకుపోతుంటే మంచంలో పడుకుని ఆ గంటల చప్పుడు వినేవాణ్ణి. అది దూరమైపోయేదాకా వినేవాణ్ణి.

ఆ చప్పుడు ఆగగానే విశ్వాసం వార్తలు మొదలయ్యేవి. పోలమ్మ నీళ్ళకు పోయి వస్తూ మోసుకొచ్చేది. విశ్వాసం లేచి నిలబడ్డాడంట. గడప దాటినాడంట. తనే అన్నం కలుపుకొని తిన్నాడంట. ఒక ఆదివారం అయితే ప్రార్థన మందిరానికి నడిచిపోయి అందరి ముందూ సాక్ష్యం చెప్పాడట.

"ఏమని?" అన్నాను, అడక్కూడదనుకుంటూనే.

"దేవుడు నా రక్తానికి డెబ్బై ఒక్క మార్కులేసినాడు అన్నాడంట. అందరూ చప్పట్లు కొట్టినారంట. ఆయన్ను జూసి నేర్చుకోయ్యా."

మొగుణ్ణి పక్కన పెట్టుకుని పరాయి మగాణ్ణి మెచ్చుకునే పెళ్ళాంతో కాపురం చేసినవాడికి తెలుస్తుంది ఆ మంట. ఆమె అతని నడకను చేత్తో చూపించేది కూడా. కర్ర ఇట్ల పెడతాడు, కాలు ఇట్ల తెస్తాడు అని. నా ఒళ్ళు భగ్గుమనేది.

చివరికి ఉండబట్టలేక బ్రహ్మం బండి వెనక కూర్చుని, పడిపోకుండా తువ్వాలుతో అతని నడుముకు కట్టించుకుని విశ్వాసం ఇంటికి పోయాను. పరామర్శ అని చెప్పాను గానీ, ఆరా తీయడానికే పోయాను. ఏం తింటున్నాడో, ఏం తాగుతున్నాడో, ఎవరి దగ్గర ఏ మందు తెచ్చుకున్నాడో తెలుసుకోవాలి.

అతను గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఎదురుగా గోడకు ఒక కొత్త పలక వేలాడుతోంది. దాని మీద సుద్దముక్కతో 71 అని పెద్దగా రాసి ఉంది. కూతురితో రాయించాడట.

"రాన్నా, కూసో" అన్నాడు.

"ఏం తింటన్నావు?"

"జొన్నన్నం. పప్పు."

"ఇంకా?"

"ఇంకేముండాదన్నా. నువ్వు తినేదే."

నేను నమ్మలేదు. ఏదో దాస్తున్నాడనుకున్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, ఆ జొన్నన్నంలోనే మహత్తు ఉందేమోనని ఇంటికొచ్చి నాలుగు రోజులు అదే వండించుకున్నాను. మనిషి నడవడానికి అన్నం కాక వేరే కారణం ఉండొచ్చని నాకు తట్టలేదు. ఇంకొక సంగతీ చెప్పాలి, దాచిపెట్టి ప్రయోజనం లేదు. అతను గోడ చివర మలుపు తిరుగుతుంటే ఆ కాలు మడతపడి కింద పడితే బాగుండునని కోరుకున్నాను. మనసారా కోరుకున్నాను. అతను పడలేదు. తిరిగి వచ్చి నాకు మంచినీళ్ళ చెంబు అందించాడు, కుడిచేత్తో.

నెలనాటి రక్తం ఎవరో కుర్రాడు ఇంటికే వచ్చి తీసుకుపోయాడు. మూడో నెల పరీక్షకు పెద్దాస్పత్రి వాళ్ళే మార్కాపురం వచ్చి ఒక గదిలో కూర్చున్నారు. రెండు ఇళ్ళవాళ్ళం ఒకే ఆటోలో పోయాం. విశ్వాసం కర్ర లోపల పెట్టి, కమ్మీ పట్టుకుని తనే ఎక్కాడు. నన్ను ఆటో డ్రైవరూ పోలమ్మా కలిసి ఎక్కించారు. దారంతా నేను బయటికే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ మమ్మల్ని నడవమంది. విశ్వాసం ఆ గోడ నుంచి ఈ గోడకు వెళ్ళి తిరిగొచ్చాడు. నేను పోలమ్మ భుజం మీద బరువంతా వేసి నాలుగు అడుగులు వేశాను, అయిదోది రాలేదు. పోలమ్మ నా వైపు చూడలేదు. ఆమె గొర్రెల సంగతి తేల్చేసుకుందని నాకు అర్థమైంది. ఆడవాళ్ళిద్దరూ మందుల చీటీలు తీసుకుని దుకాణానికి పోయారు. విశ్వాసం రక్తమిచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు. నన్ను రక్తం కోసం లోపల ఫిన్నీ ముందు కూర్చోబెట్టారు.

సూది గుచ్చుతుండగా అడిగాను. "సారూ, ఇప్పుడన్నా నా మార్కులు పెరిగినాయా?"

"ఏం మార్కులు పెదనాయనా?"

"అదే, ఆ రోజు చదివినావు గదా. ముప్పై ఎనిమిది."

ఫిన్నీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సూది బయటికి తీసి, దూది పెట్టి, అప్పుడు నవ్వాడు. "మార్కులు కాదు, మార్కర్. మార్కర్ అంటే గుర్తు. నువ్వు గొర్రెలు మేపుతావు గదా. మందలో నీ గొర్రెలేవో తెలియడానికి ఏం చేస్తావు?"

"వీపు మీద ఎర్ర జాజు పూస్తా."

"మేమూ అంతే. రక్తంలో వెయ్యి రకాల కణాలుంటాయి. మాకు కావాల్సినవాటికి రంగు అంటించి మిషన్లో లెక్కపెడతాం. నీకు లెక్కపెట్టింది వాపు తెచ్చే కణాల్ని. మెదడులో దెబ్బ తగిలిన చోటికి ఇవి గుంపుగా పోయి గొడవ చేస్తాయి. ఎన్ని తక్కువుంటే అంత మంచిదేమోనని మా అనుమానం."

"తక్కువుంటే మంచిదా?"

"అట్ల అనుకుంటున్నాం. నీకు మొదట్లో ముప్పై ఎనిమిది. అప్పుడే తక్కువ." కాగితాలు తిరగేశాడు. "నెలనాటికి ఇరవై రెండుకొచ్చింది. చాలా బాగుంది."

నేను నవ్వాను. మూడు నెలల తర్వాత మొదటిసారి నోరారా నవ్వాను. డెబ్బై ఒకటంటే ఫస్టు క్లాసు కాదు, తప్పినట్టు. పలక మీద రాసుకుని గోడకు వేలాడదీసింది తన రోగాన్ని. సాక్ష్యం చెప్పింది దానికే. చప్పట్లు కొట్టింది దానికే. ఆ క్షణంలో నా కడుపుమంట చల్లారింది.

"మరి ఇంత బాగున్న మనిషివి ఇంకా నడవలేదేం పెదనాయనా?" అన్నాడు ఫిన్నీ. "కసరత్తు చేస్తా ఉండావా?"

నా నవ్వు ఆగిపోయింది.

"ఒక్క మనిషి సంగతి ఈ లెక్క చెప్పలేదులే" అని అతనే సర్దిచెప్పాడు. "వందలమందివి కలిపి చూస్తేగానీ మాకే తెలియదు. నడిచేదానికి నడవడమే మందు."

"మూడు నెల్లు అయిపోయినాయి గదా సారూ. ఇంకేమన్నా ఉండాదా?"

"మొదట్లో వచ్చినంత సులువుగా రాదు. రాకపోవడమంటూ లేదు."

దూది పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా విషయంలో దేవుడూ ఇచ్చాడు, రక్తమూ ఇచ్చింది. ఇవ్వనిది నేనే. పక్క మంచంవాడి వైపు తిరిగి పడుకుని తొంభై రోజులు పోగొట్టుకున్నాను. చెడ్డ రక్తం పెట్టుకుని వాడు నడిచాడు. ఇన్నాళ్ళూ వాడి రక్తాన్ని చూసి ఏడ్చాను. ఇప్పుడు ఆ రక్తం కూడా అడ్డం లేదు, మనిషే మిగిలాడు. మనిషిని చూసి ఏడవడం ఇంకా కష్టంగా ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆటో మార్కాపురం దాటకముందే నా నాలుక దురద పెట్టింది. నేనూ విశ్వాసం ఎదురెదురుగా కూర్చున్నాం. పోలమ్మ నా పక్కన, ఎలీషబా అతని పక్కన. ఇంతకంటే మంచి సభ దొరకదు. పోలమ్మ వినాలి, ఎలీషబా ముఖంలో ఆ నవ్వు ఆరిపోవాలి. ఎట్ల మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటున్నాను.

విశ్వాసమే ముందు మాట్లాడాడు. "లోపల మార్కులు అడిగినావా అన్నా?"

"అడిగినా."

"నాకైతే భయమేసి అడగలేదు. తగ్గినాయంటే తట్టుకోలేను." కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. "నాలుగో తరగతిలో పలకలు కొయ్యను బోయినా. ఎంతమంది పిల్లోళ్ళు నేను కోసిన పలకల మీద అక్షరాలు దిద్దినారో లెక్క లేదు. నాకు మాత్రం ఒక్కడూ మార్కెయ్యలేదు. ఈ వయసులో ఆస్పత్రిలో ఫస్టు క్లాసు వచ్చింది. ఫస్టు క్లాసు వచ్చినోడు మంచంలో పండుకుంటే నగుబాటు గదన్నా. పొద్దున్నే కాలు కింద పెడితే ప్రాణం పోతది. ఎవురికీ చెప్పను గానీ, ఏడుస్తా లేస్తా. డెబ్బై ఒకటి వచ్చింది, లేవాల్సిందే అనుకుంటా లేస్తా."

ఎలీషబా చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమెకు కూడా ఆ ఏడుపు సంగతి తెలుసునని అప్పుడు అర్థమైంది.

"నీవి ఎన్నన్నా?" అన్నాడు విశ్వాసం.

చెప్పడానికి నోరు తెరిచాను. నీ డెబ్బై ఒకటి కుళ్ళు లెక్క అని చెప్పాలి. ఒక్క వాక్యం చాలు. రేపు పొద్దున అతను కాలు కింద పెట్టేటప్పుడు ఆ వాక్యం గుర్తొస్తుంది. ఎల్లుండి కూడా గుర్తొస్తుంది. తర్వాత అతనూ నాలాగే గోడవైపు తిరిగి పడుకుంటాడు. నేను మూడు నెలలు కోరుకున్నది అదే. అతను పడిపోవాలని కోరుకున్నాను, ఇప్పుడు తోసెయ్యడం నా చేతిలో ఉంది.

"ఇరవై రెండు" అన్నాను.

అబద్ధం కాదు. ఫిన్నీ చదివింది అదే.



"ముప్పై అయిదు గూడా రాలేదా?" అంది పోలమ్మ.

"రాలేదు."

"అయితే ఆదివారం బేరగాణ్ణి రమ్మంటా. బ్రహ్మం మాట్లాడిపెట్టినాడు."

"ఒక నెల ఆగే."

"దేన్ని జూసి ఆగాల?" అంది. కోపంగా కాదు, అలిసిపోయి అంది.

దానికి జవాబు నా దగ్గరుంది. ఇరవై రెండే మంచిదని చెబితే చాలు, బేరగాడు రాడు. కానీ పోలమ్మకు చెప్పడమంటే ఊరికి చెప్పడమే. పొద్దుగూకేలోపు ఆ మాట నాలుగు వీధులు దాటి విశ్వాసం ఇంటికి చేరుతుంది. నేను పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. గొర్రెలు పోతాయేమోనన్న భయంతో మంచి చేత్తో ఆటో కమ్మీ పట్టుకున్నాను.

"నన్ను జూసి ఆగు వదినా" అన్నాడు విశ్వాసం. "తప్పినోడికి పాసైనోడు చెప్పియ్యాల గదా. రేప్పొద్దున నేనొస్తా. అన్నను నేను నడిపిస్తా. నెల తర్వాత గూడా లేవకుంటే అప్పుడు నీ ఇష్టం."

నడుం నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, అచ్చం బళ్ళో అయ్యవారిలా చెప్పాడు. పోలమ్మ అతని వైపు ఎంత గౌరవంగా చూసిందో చూడలేక కళ్ళు దించుకున్నాను. నా కడుపు పొద్దుటికంటే ఎక్కువే మండుతోంది. డెబ్బై ఒకటి వాడు ఇరవై రెండు వాడికి పాఠం చెబుతాడట, నేను చెప్పించుకోవాలట.

పోలమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "సరే, నెలే" అంది చివరికి.

"ఎన్ని గంటలకొస్తావు?" అన్నాను విశ్వాసంతో, అతని ముఖం చూడకుండా.

"అయిదున్నరకు. నేనొచ్చేతలికి లేచి కూసోనుండాల. పండుకోనుంటే ఊరుకోను."

"సరే సారూ" అన్నాను.